ఆరో పన్ను

ఫునాఫుటి
మార్చి 3

లిసెపా అక్కకు,

ఈ ఓడలో నీ పేర ఒక అట్టపెట్టె వస్తోంది. మూత మీద ఎర్ర సిరాతో ‘బడి’ అని రాశాను. లోపల అరవై నాలుగు బ్రష్షులు, పన్నెండు పేస్టు ట్యూబులు, పుక్కిలించే మందు పొట్లాలు ఇరవై ఉన్నాయి. మీ బడిలో పిల్లలు యాభై ఎనిమిది మందే అని రాశావు. ఆరు బ్రష్షులు ఎక్కువే పెట్టాను. మొటులేయలో బ్రష్షు కనిపిస్తే పడవ ఇంజను తోమడానికి ఎత్తుకుపోతారని నాకు తెలియనిది కాదు.

రోజూ బడి మొదలయ్యే ముందు అందరిచేతా పళ్ళు తోమించు. పేస్టు బఠాణీ గింజంత చాలు. వారానికి ఒకసారి, శుక్రవారం, పొట్లాన్ని లీటరు నీళ్ళలో కలిపి ఒక్కొక్కరికి ఒక గుక్క ఇవ్వాలి. నిమిషం పుక్కిలించి ఉమ్మాలి. ఎలా చేయించాలో ఒక కాగితం మీద ఉంది. ఇంగ్లీషు నుంచి మన భాషలోకి నేనే మార్చాను.

పదిహేడు నెలల కిందట మా దంతాల బృందం మీ దీవికి వచ్చింది గుర్తుందా? ఒక్క పగటిపూట నూట నాలుగు పళ్ళు పీకాం. ఒక్క పన్ను కూడా బాగుచేయలేదు. ఓడ సాయంత్రానికి కదలాలి, పీకడానికే వేళ సరిపోయింది. మళ్ళీ మేం వచ్చేది ఈ అక్టోబరులో. ఈలోపల ఆ లెక్క తగ్గాలంటే దారి నీ బడే.

లుపే సంగతి రాయి. అప్పుడు నేను చూసినప్పుడు దానికి కింద ఎడమవైపు, అన్నిటికంటే వెనక, కొత్త పన్ను వచ్చింది. టార్చి వేసి చూసి ఎలా ఉందో చెప్పు. పోయినసారి ఉత్తరంలో కోడి గుడ్లు పెట్టిందని రాశావు, టెఫోటో బావ నడుం నొప్పి గురించి రాశావు, లుపే గురించి ఒక్క ముక్కే రాశావు. బాగుంది అని.

మెలీ

*

మొటులేయ
మార్చి 29

మెలీకి,

పెట్టె తడవకుండా చేరింది. పొట్లాలు కూడా అన్నీ ఉన్నాయి, ఒకటి తప్ప. ఆ ఒకటి వాడాం. దాని సంగతి చెబుతాను.

ఇక్కడ వాన పడి యాభై ఒక్క రోజులు. ఊరి పాలకులు బడి తొట్టికి తాళం వేశారు. ఇంటికి రోజుకు రెండు బకెట్లు. వంటకి, తాగడానికి, ముసలివాళ్ళకి అన్నీ అందులోనే. పిల్లల దాహానికి నీరా పోస్తున్నాం. టెఫోటో రెండు పూటలా చెట్లెక్కి గెలలు గీస్తున్నాడు. నేల పగిలినా కొబ్బరిచెట్లు మాత్రం చుక్క తగ్గించలేదు. ఆ చెట్లే లేకపోతే పిల్లలు ఏమైపోయేవాళ్ళో.

శుక్రవారం నా వాటా నీళ్ళలోంచి లీటరు తెచ్చి మందు కలిపాను. అందరూ వరుసలో నిలబడ్డారు. ఒక్కో గుక్క పోశాను. నిమిషం లెక్కపెట్టాను. “ఇప్పుడు ఉమ్మండి” అన్నాను.

ఎవరూ ఉమ్మలేదు.

“ఎక్కడ ఉమ్మాలి టీచర్?” అని ఒకడు, నోట్లో ఏమీ లేకుండా అడిగాడు.

“బయట, ఇసుకలో.”

“నీళ్ళు ఇసుకలోనా? మా అమ్మ చంపేస్తుంది టీచర్.”

“ఇవి తాగే నీళ్ళు కావు, మందు.”

“మందైతే మరి మింగాలి కదా!”

అప్పటికే యాభై ఎనిమిది మంది మింగేశారు. మధ్యాహ్నానికల్లా పదిహేడు మంది వాంతి చేసుకున్నారు. నర్సు ఎలిటా వచ్చి పాలపొడి కలిపి అందరికీ తాగించింది. సాయంత్రానికి బాగానే ఆడుకున్నారు. కానీ ఆ సాయంత్రం ఊరి సభామందిరంలో నా పేరే మోగింది. ఆడవాళ్ళం అంచున కూర్చున్నాం. పెద్దల వరసలోంచి నికోటెమో తాత కర్రతో నేల మీద కొట్టి అన్నాడు: “నీళ్ళు ఉమ్మమని బడిలో నేర్పుతున్నారట. రేపు అన్నం పారేయమని నేర్పుతారు. ఎల్లుండి తల్లిని తిట్టమని నేర్పుతారు.” టెఫోటో తల దించుకు కూర్చున్నాడు.

ప్రస్తుతానికి బ్రష్షులు కూడా ఆపాను. తోముకున్నాక నోరు కడగడానికి పిల్లకి ఒక కప్పు అనుకున్నా యాభై ఎనిమిది కప్పులు. ఎక్కడినుంచి తేను?

లుపే బాగుంది. వెనక పాలపన్ను ఒకటి కొంచెం నల్లబడింది, అంతే. ఊడేదే కదా.

లిసెపా

*

ఫునాఫుటి
ఏప్రిల్ 8

అక్కా,

నల్లబడింది ఏ పన్ను? నీ ఉత్తరం చదివి నేను మొదట అడుగుతున్నది ఇదే. మిగతావన్నీ తర్వాత.

ఇలా చెయ్యి. లుపేని వెలుతురులో కూర్చోబెట్టు. కింది దవడలో సరిగ్గా ముందు నడిమధ్య నుంచి ఎడమవైపుకి వేలితో లెక్కపెట్టు. ఒకటి, రెండు ముందు పళ్ళు. మూడోది కోర. నాలుగు, ఐదు పాల దంతాలు. అవి పదేళ్ళు, పదకొండేళ్ళు వచ్చాక ఊడతాయి. ఆరోది అలా కాదు. అది ఏ పాలపన్నునీ తోసుకుని రాదు. వెనక ఖాళీలో చప్పుడు లేకుండా వస్తుంది. అందుకే మన ఊళ్ళో అందరూ దాన్ని పాలపన్నే అనుకుంటారు. అది ఊడేది కాదు. పోతే మళ్ళీ రాదు. డెబ్భై ఏళ్ళు నమలాల్సిన పన్ను అది. పోయినసారి పీకిన నూట నాలుగులో నలభై పైచిలుకు ఈ ఆరో పళ్ళే. “ఊడేదే కదా” అన్న తల్లులు ఆ రోజు వరుసలో నా ముందు నిలబడ్డారు. వాళ్ళలో నువ్వు లేవని సంతోషించాను.

పుక్కిలించే మందు ఆపెయ్యి. పొట్లాలు ఎలిటాకి ఇచ్చెయ్యి. మింగిన కొద్ది మోతాదుకి కడుపులో తిప్పుతుంది తప్ప ప్రమాదం లేదు, పాలు తాగించడం సరైన పనే. కానీ కాగితంలో ఉమ్మాలని నేను రాసే ఉన్నాను. నువ్వు ముందే పిల్లలకి చెప్పి ఉండాల్సింది.

బ్రష్షులు మాత్రం ఆపకు. తోముకున్నాక నీళ్ళతో నోరు కడగక్కర్లేదు. కడగకూడదు కూడా. నురగ ఉమ్మేస్తే చాలు, పంటికి అంటుకుని మిగిలిన పేస్టే పని చేస్తుంది. ఒక్క కప్పు నీళ్ళు కూడా అక్కర్లేదని తాతకి చెప్పు.

ఇక నీరా. అక్కా, చెట్లు మిమ్మల్ని కాపాడుతున్నాయని రాశావు. పిల్లలు రోజంతా నీరా చప్పరిస్తే పళ్ళు రోజంతా చక్కెరలో నానుతున్నట్టే. ఎంత తాగారన్నది కాదు, ఎన్నిసార్లు తాగారన్నది లెక్క. భోజనంతో ఒకసారి ఇవ్వు. మధ్యలో వద్దు. రాత్రి తోముకున్నాక అసలే వద్దు.

లెక్కపెట్టి రాయి. ఐదా, ఆరా?

మెలీ

*

మొటులేయ
మే 2

మెలీకి,

కాగితంలో రాశావు, నిజమే. నేను చదివాను, అదీ నిజమే. పిల్లలు ఉమ్మకపోవడం నా తప్పని నువ్వంటున్నావు. నీళ్ళు వృథా చేయకూడదని పుట్టినప్పటినుంచీ వాళ్ళకి నేర్పింది మనమే. నీకు నేర్పింది కూడా మన అమ్మే. ఆ మాట ఫునాఫుటిలో మర్చిపోయినట్టున్నావు.

నీళ్ళు లేకుండా తోమడం సంగతి చెప్పాను. నికోటెమో తాత నవ్వాడు. “నీళ్ళు లేకుండా పళ్ళు తోమడమా? గిన్నెలు కూడా అలాగే తోము, మీ చెల్లెలికి పంపుదాం, అందులో తింటుంది” అన్నాడు. సభంతా నవ్వింది. బడిలో బ్రష్షు కనపడకూడదని తీర్మానం చేశారు. నా క్లాసులో పద్నాలుగు మందికి మాత్రం ఇంట్లో తోముకోమని బ్రష్షులు పంచాను. ఎంతమంది తోముకుంటున్నారో తెలియదు.

నీరా వద్దంటున్నావు. పిల్ల మధ్యాహ్నం ఎండలో బడినుంచి వచ్చి “అమ్మా, దాహం” అంటే ఏం పొయ్యను? నా బకెట్లో అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళుంటాయి, వాటిలో రేపటి అన్నం ఉడకాలి. నీకు కుళాయి ఉంది.

నువ్వు చెప్పినట్టే వెలుతురులో కూర్చోబెట్టి లెక్కపెట్టాను. ఐదో పన్నే. ఇక ఆ సంగతి వదిలెయ్యి. లుపే బాగానే తింటోంది. ఈ మధ్య మెత్తటి అన్నం, చేప పులుసు అంటే ఇష్టపడుతోంది. పులాకా దుంప ముట్టుకోవడం లేదు. ఈ కరువులో దుంప కూడా గట్టిగానే ఉంటోంది మరి.

నువ్వు శిక్షణకని సువా వెళ్ళినప్పుడు దానికి ఏడాదిన్నర. పాలు మరిచిపోయే దాకా పదకొండు రాత్రులు నా భుజం మీదే ఏడ్చింది. దాని నోట్లో ఏ పన్ను ఎప్పుడు వచ్చిందో నాకు ఒకరు నేర్పాలా?

ఓడవాళ్ళు చెప్పారు, నీకు సర్కారు ఇల్లు ఇచ్చారట. రెండు గదులట. నువ్వు రాయలేదు.

లిసెపా

*

ఫునాఫుటి
మే 11

అక్కా,

మీ చర్చి పాస్టరమ్మ నిన్న ఓడ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఆస్పత్రికి వచ్చింది. నేను ఎవరి నోట్లోనో పని చేస్తున్నాను. గుమ్మంలోనే నిలబడి అంది: “మెలీ, మీ లుపే ఆదివారం పాట పాడలేదు. చెంప చేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ బుగ్గలో కోడిగుడ్డు పెట్టుకున్నట్టుంది. మీ అక్క నన్ను చూసి పిల్లని పక్కకి తిప్పేసింది.”

అరగంటలో రేడియో ఫోను దగ్గరికి పరుగెత్తాను. మనం ఏం మాట్లాడుకున్నామో నువ్వు మర్చిపోయి ఉండవు. నేనూ మర్చిపోలేదు.

“లుపే ఎలా ఉంది?”

“బాగుంది.”

“బుగ్గ వాచిందటగా?”

“దోమ కుట్టింది.”

“అక్కా!”

“ఇక్కడ బల్ల మీద పదిమంది కూర్చుని వింటున్నారు మెలీ. బాగుంది అన్నానుగా.”

లైను తెగింది. తెగిందో, నువ్వు పెట్టేశావో నాకు తెలియదు.

ఈ ఉత్తరం కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను. వాపు వచ్చిందంటే పంటి వేరు దగ్గర చీము చేరింది. చీము బుగ్గలో ఉన్నంతవరకూ వేళ ఉంది. దవడ కిందికి దిగితే, మెడవైపు గట్టిపడితే, నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోకపోతే, మింగలేకపోతే వేళ లేదు. ఊపిరి ఆగిపోతుంది. మూడేళ్ళ కిందట ఇంకో దీవినుంచి తొమ్మిదేళ్ళ పిల్లని ఇలాగే తెచ్చారు. ఓడ రేవులోకి వచ్చేసరికి నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. పిల్లని నడిపించి దించలేదు, గుడ్డ కప్పి దించారు. అప్పట్లో నీకు రాయలేదు.

ఎలిటాకి వేరే చీటీ రాస్తున్నాను. యాంటీబయాటిక్ ఆ చీటీ అందిన పూటే మొదలుపెట్టాలి. వాపు తగ్గినా సరే, అది నయమైనట్టు కాదు. వచ్చే ఓడలో లుపేని పంపు.

ఇంటి సంగతి నిజమే. ఫిబ్రవరిలో ఇచ్చారు. రెండో గదిలో మంచం కూడా వేశాను. ఏడాది చివర బడి సెలవులప్పుడు నిన్ను అడుగుదామనుకున్నాను, లుపేని ఇక్కడ చదివిస్తానని. ఎలా అడగాలో తెలియక రాయలేదు. ఇప్పుడు అడుగుతున్నది అది కాదు. ఇప్పుడు అడుగుతున్నది పిల్ల ప్రాణం.

మెలీ

*

మొటులేయ
మే 24, ఓడ రేవులో ఉంది

మెలీ,

ఎలిటా లుపేతో వస్తోంది. ఉత్తరం ఆమె సంచిలో పెట్టాను. పిల్ల చెయ్యి ఆమె చేతిలో పెట్టాను. నేను రావడం లేదు. వస్తే మళ్ళీ వెనక్కి తెచ్చేసుకుంటాను.

డాక్టరు అడుగుతాడు కాబట్టి తేదీలు రాస్తున్నాను. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీన మొదటిసారి నొప్పి అంది. నీ పెట్టె ఇంకా బయల్దేరలేదు. చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటోందని చెప్పింది. చల్లటి నీళ్ళు ఎక్కడున్నాయి, అని నవ్వాను. మార్చిలో గుంట కనిపించింది. నల్లబడింది అని నీకు రాసేనాటికి అందులో అగ్గిపుల్ల మొన పట్టేది. ఏప్రిల్ మూడో వారంలో రాత్రిళ్ళు లేచి కూర్చునేది. నోను ఆకు వెచ్చబెట్టి కట్టాను. సముద్రపు నీళ్ళు పుక్కిలింపించాను, ఆ నీళ్ళయితే ఉమ్మింది. ఏడుపు ఆగకపోతే సీసాలో నీరా పోసి ఇచ్చాను. తాగుతూ తాగుతూ పడుకునేది. నిద్రపోతోంది కదా అని నేనూ పడుకునేదాన్ని. దాదాపు నెల రోజులు అలా చేశాను. నీ ఉత్తరంలో ఆ వాక్యం, రాత్రి తోముకున్నాక అసలే వద్దన్నది, నేను చదివిన రాత్రి కూడా ఇచ్చాను.

అది ఆరో పన్ను. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఆరే వచ్చింది. ఐదు అని రాశాను.

మే మొదటి ఆదివారం వాచింది. నీ చీటీ రాగానే ఎలిటా మందు మొదలుపెట్టింది. నాలుగు రోజుల్లో వాపు దిగింది. నొప్పి పోయిందంది. ఇక నీకు రాయక్కర్లేదనుకున్నాను. మొన్న మళ్ళీ వచ్చింది. ఈసారి దవడ కింద. నిన్నటినుంచి జ్వరం. నోటిలో రెండు వేళ్ళు పట్టడం లేదు, ఒకటే పడుతోంది. ఎలిటా నా మొహం మీదే అంది: “లిసెపా, ఇంకొక్క రోజు దాచావంటే సభకి నేనే వెళ్ళి చెబుతాను.”

ఎందుకు దాచానో కూడా అడుగుతావు. ఫోనులో ‘దోమ’ అన్నాక నువ్వు ఒక మాట అన్నావు. నీ ఉత్తరంలో ఆ మాట వదిలేశావు. “నా కూతురికి ఏమైనా అయితే” అన్నావు. ఆరేళ్ళలో మొదటిసారి నా కూతురు అన్నావు. లైను తెగలేదు. నేనే పెట్టేశాను.

పన్ను పాడుచేశానని తెలిస్తే దాన్ని ఇంకెందుకు ఉంచుతావు నా దగ్గర?

పడవ ఎక్కిస్తున్నప్పుడు “అమ్మా, ఫునాఫుటి అమ్మ పన్ను పీకుతుందా?” అని అడిగింది. మాట ముద్దముద్దగా వస్తోంది. అవునన్నాను. “నువ్వు కోప్పడకు, నేనే నీరా అడిగాను కదా” అంది.

అది చేరగానే ఫోను చెయ్యి. ఎంతమంది వింటున్నా పరవాలేదు.

లిసెపా

*

ఫునాఫుటి
జూన్ 12

అక్కా,

ఫోనులో చెప్పినవి మళ్ళీ రాస్తున్నాను. ఆ రోజు నువ్వు ఏడుస్తూనే ఉన్నావు, ఏం విన్నావో తెలియదు.

ఇరవై ఏడు గంటలు ప్రయాణం. దిగేసరికి జ్వరం నూట మూడు. నోరు ఒక వేలంత కూడా తెరుచుకోలేదు. లాలాజలం మింగలేక గుడ్డలోకి కారుస్తోంది. డాక్టరు ఆ పూటే దవడ కింద కోసి చీము తీశాడు. రెండు రోజులు సెలైన్‌లో మందు ఎక్కించారు. మూడో రోజు నోరు తెరుచుకున్నాక పన్ను పీకారు. నన్ను పీకనివ్వలేదు. బయట నిలబడ్డాను.

ఎలిటా చెప్పింది, ఆ ఓడ తప్పితే తర్వాతది ఇరవై రెండు రోజులకి అని. ఆ లెక్క నేను వెయ్యదలుచుకోలేదు.

మత్తు దిగాక పన్ను చూపించమంది. “ఇది నాదేనా? కింద ఇంత వేరుందా? పులాకా మొక్క పీకినట్టుందే!” పన్నుని అటూ ఇటూ తిప్పి చూసింది. “మళ్ళీ వస్తుందా?” అంది. రాదని చెప్పాను. “అయితే మొటులేయ అమ్మకి చెప్పకు. వస్తుందని చెప్పు” అంది. మన ఇంట్లో దాచడం అందరికీ బాగా వచ్చు.

మిగతా మూడు ఆరో పళ్ళు చూశాను. కింద కుడివైపుది కొద్దిగా పుచ్చింది, శుభ్రం చేసి నింపాను. పైన ఎడమవైపు దానికి గుంటల్లోకి చక్కెర దిగకుండా పూత వేశాను. పైన కుడివైపుది సగమే బయటికొచ్చింది, వెనక భాగం మీద చిగురు కప్పి ఉంది. తడి ఆరదు, పూత నిలవదు. దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

నీకు రెండు సంగతులు ఒప్పుకోవాలి.

ఒకటి, ఆ కాగితం. నిమిషం పుక్కిలించి ఉమ్మాలి అని రాసింది నేను. మన దీవిలో పుట్టాను. పన్నెండేళ్ళ వయసులో అలాంటి కరువే చూశాను. ఆ ఏడాది మొత్తంలో ఒక్కసారైనా నేను తాగే నీళ్ళు ఉమ్మానా? అది తెలిసిన దాన్ని, ఆ వాక్యం మన భాషలో రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు. తప్పు నాది. నువ్వు ముందే చెప్పి ఉండాల్సింది అనడం రెండో తప్పు. నికోటెమో తాతకి వేరే ఉత్తరం రాశాను, సభలో చదవమని. నురగ ఉమ్మడానికి నీళ్ళు ఖర్చు కావని కూడా రాశాను. నీరా భోజనంతోనే ఇవ్వాలంటే మధ్యలో దాహానికి నీళ్ళుండాలి, పిల్లలున్న ఇంటికి ఇంకో అర బకెట్ ఇవ్వమని అడిగాను. నీళ్ళు ఇవ్వకుండా నీరా మాన్పించమని నీకు రాయడం, కుళాయి పక్కన కూర్చున్నవాళ్ళు రాసే మాట. నువ్వన్నది నిజం.

రెండోది. లుపే నా ఇంట్లో పది రోజులుగా ఉంటోంది. నాకు పొద్దున ఏడింటి నుంచి డ్యూటీ. పక్కింటివాళ్ళు చూసుకున్నారు. తొమ్మిదో రోజు మంచం కింద ఊడుస్తుంటే ఖాళీ డబ్బాలు దొరికాయి. తీపి పానీయాలవి. పంతొమ్మిది. పాపం ఊరినుంచి వచ్చింది, జబ్బుపడి లేచింది అని తలా ఒకటి కొనిపెట్టారు. పళ్ళ నర్సు ఇంట్లో, పన్ను పీకి రెండు వారాలైనా కాకుండానే, పంతొమ్మిది. డ్యూటీ రాత్రిదాకా సాగిన ఐదారు రోజులు తోముకుందో లేదో కూడా నాకు తెలియదు. నేను ఇంకా నిన్ను తప్పుపట్టే ఉత్తరం మనసులో రాసుకుంటూనే ఉన్నాను, డబ్బాలు చేతిలో పట్టుకుని.

పిల్ల పళ్ళు కాపాడేది ఆస్పత్రి కాదు. రోజూ రాత్రి పక్కన కూర్చుని బ్రష్షు పట్టుకునే చెయ్యి. ఇక్కడ ఆ చెయ్యి నాకు వారంలో మూడు రోజులే ఖాళీ. అందుకని పదిహేడో తేదీ ఓడలో పంపుతున్నాను. పాస్టరమ్మ తోడు వస్తోంది. నీ మీద జాలితో పంపడం లేదు. తేలిగ్గానూ పంపడం లేదు. ఆ గదిలో మంచం అలాగే ఉంచుతున్నాను, సెలవులకి వస్తుంది.

అడిగేది ఒకటే. ఏదైనా కనిపిస్తే, కనిపించిన రోజే రాయి. నీ మీద కోపం వస్తుందేమో అని చూడకు. వస్తుంది. అయినా రాయి.

మెలీ

*

మొటులేయ
జూలై 5

మెలీకి,

లుపే దిగింది. పడవలోంచి నన్ను చూడగానే నోరు తెరిచి ఖాళీ చూపించింది. నాకు చెప్పవద్దంది కదా, ఆ మాట ఆగలేదు. దవడ కింద కోత మానింది. గీతలా ఉంది.

నీ ఉత్తరం నికోటెమో తాత సభలో చదివించాడు. చదువుతున్నంతసేపూ కర్ర కదపలేదు. చివర అన్నాడు: “తప్పు నాదని రాసిన ఉత్తరం ఫునాఫుటి నుంచి రావడం నా ఎరుకలో ఇదే మొదలు.” నవ్వారు. తర్వాత, “నీళ్ళు లేకుండా తోముతారంటే అభ్యంతరం ఏముంది? నాకూ నేర్పండి, ఇంకా మూడు మిగిలాయి” అన్నాడు. బ్రష్షులు మళ్ళీ బడికి వచ్చాయి. పిల్లలు గోడవెనక ఇసుకలో నురగ ఉమ్ముతున్నారు, ఎవరిది దూరం పడుతుందో పందెం కూడా వేసుకుంటున్నారు. అర బకెట్ మాత్రం ఇంకా తేల్చలేదు. రెండు జల్లులు పడ్డాయి, తొట్టిలో జానెడు కూడా చేరలేదు. తాళం అలాగే ఉంది. టెఫోటో అన్నాడు, మన నీరా మనింట్లో భోజనానికే దింపుతాను, మిగతాది పాకం కాస్తాను అని. మూడు ఇళ్ళవాళ్ళు అదే చేస్తున్నారు. మిగతా ఇళ్ళు చెయ్యడం లేదు. ఎండ ఇలాగే ఉంటే ఆ మూడూ ఎన్నాళ్ళు ఆగుతాయో చెప్పలేను.

లుపే దవడ గీత చూశాక తల్లులు నా గుమ్మం ముందు వరుస కట్టారు. “టీచరమ్మా, ఆరోది ఏదో చూపించు” అని. నేను డాక్టరుని కాదన్నాను. “లెక్క వచ్చు కదా!” అన్నారు. ఎలిటా, నేను కలిసి రెండు రోజుల్లో బడి పిల్లలందరినీ చూశాం. యాభై ఎనిమిది మందిలో ఇరవై ముగ్గురికి ఆరో పన్ను నల్లబడింది. తొమ్మిదిమందికి గుంట పడింది. నలుగురు రాత్రిళ్ళు ఏడుస్తున్నారు. నలుగురి తల్లులూ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, “పిల్లని ఓడెక్కించేస్తారని చెప్పలేదమ్మా” అంది. ఆ పిల్ల పేరు కాగితం మీద మొదట రాసుకున్నాను.

అక్టోబరుకి ఇంకా మూడు నెలలుంది. ఆ నలుగురూ అక్టోబరుదాకా ఆగరు. బృందాన్ని ముందే పంపమని అడుగు. ఒక్క పగటికి కాదు, పీకడానికి మాత్రమే కాదు. ఊరి పాలకుల సంతకాలతో అర్జీ ఇదే కవరులో ఉంది, మొదటి సంతకం నికోటెమో తాతది.

వేరే కాగితం మీద ఇరవై ముగ్గురి పేర్లు, వయసులు, ఎడమో కుడో, కిందో పైనో, నొప్పి ఎప్పటినుంచో రాశాను. నిజానికి ఆ జాబితా నిన్ననే పూర్తయింది. ఇవాళ పొద్దున ఇంకో పేరు చేర్చాను, ఇరవై నాలుగోది. లుపే. ఏడేళ్ళ ఎనిమిది నెలలు. పైన కుడివైపు, ఆరో పన్ను. చిగురు కింద గోధుమ రంగు చుక్క, ఆవగింజంత. నొప్పి లేదంటోంది. చూసింది ఇవాళే.

లిసెపా